తెర మీద కేస్ షీట్, మంచం మీద మనిషి: కంప్యూటర్‌తో నర్సింగ్ ఎలా చేయాలి

బీపీ చూడగానే ట్యాబ్‌లో ఎంట్రీ చేయాలి. మందు ఇచ్చే ముందు బార్‌కోడ్ స్కాన్ చేయాలి. సెలైన్ పంపు మోగితే వెళ్లాలి, ల్యాబ్ రిపోర్టు వచ్చిందేమో చూడాలి, డ్యూటీ దిగేలోపు నోట్స్ పూర్తి చేయాలి. కొన్ని రోజులు రోగి పక్కన నిలబడ్డ సమయం కంటే కీబోర్డు ముందు గడిచిన సమయమే ఎక్కువేమో అనిపిస్తుంది. కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది కూడా ఇదే: "సిస్టర్, ఇవన్నీ నింపుతూ కూర్చుంటే పేషెంట్‌ని ఎప్పుడు చూడాలి?"

నాకు తెలిసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌ని బట్టి బటన్లు, రంగులు మారతాయి గానీ పని వరస దాదాపు ఒకటే. అందుకే ఒక డ్యూటీ ఎలా నడుస్తుందో ఆ క్రమంలోనే చెప్తాను. ప్రతి మెట్టులోనూ మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ క్లిక్ వల్ల మంచం మీదున్న మనిషికి ఏం మేలు జరిగింది?

1. మీ పేరుతో లాగిన్ అవ్వండి, ముందుగా ఫైలు చదవండి

పక్క సిస్టర్ లాగిన్ తెరిచే ఉంది కదా అని అందులోనే ఎంట్రీ చేయకండి. రాత్రి రెండింటికి మీరిచ్చిన నొప్పి ఇంజెక్షన్ ఆమె పేరు మీద పడుతుంది. నాలుగింటికి రోగి మత్తుగా ఉంటే డాక్టర్ ఆమెకు ఫోన్ చేస్తారు, ఆమెకు విషయమే తెలియదు. లేచి వెళ్లేటప్పుడు స్క్రీన్ లాక్ చేయడం కూడా అలవాటు చేసుకోండి. మీ దగ్గర లేని రోగి ఫైలు తెరవద్దు. తెలిసినవాళ్లు వార్డులో ఉన్నారని కుతూహలం కలగొచ్చు. కానీ ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో సిస్టమ్‌లో నమోదవుతుంది. అది అలా ఉంచినా, ఆ మనిషి తన బాధను మనల్ని నమ్మి చెప్పుకున్నారు.

ఫైల్లో అన్నీ చదివే సమయం ఉండదు. అలర్జీలు, గత 24 గంటల్లో మారిన ఆర్డర్లు, ఇంకా రాని ల్యాబ్ రిపోర్టులు, బీపీ, పల్స్, జ్వరం ఎటు పోతున్నాయో చూపే గ్రాఫ్, ఈ నాలుగూ తప్పకుండా చూడండి. విడి అంకె కంటే గ్రాఫ్ ఎక్కువ చెప్తుంది. బీపీ 104 అంటే కంగారు పడాల్సింది లేదనిపిస్తుంది. నిన్న 140, పొద్దున 122, ఇప్పుడు 104 అయితే వెంటనే లేచి వెళ్లాలి.

స్కోర్లు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్నింటిలో అంకె పెరిగితే ప్రమాదం, కొన్నింటిలో తగ్గితే ప్రమాదం. ఎక్కువసేపు కదలకుండా పడుకోవడం వల్ల వచ్చే ఒత్తిడి పుండ్ల కోసం వాడే బ్రేడెన్ స్కేల్ 6 నుంచి 23 వరకు ఉంటుంది, సాధారణంగా 18, అంతకంటే తక్కువ వస్తే రోగికి ముప్పు ఉన్నట్టు. పడిపోయే ప్రమాదాన్ని చెప్పే మోర్స్ స్కేల్‌లో మాత్రం అంకె పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. కొత్తలో ఈ రెండూ తారుమారు చేసి చదివేవాళ్లను చూశాను.

చదవడం అయ్యాక రోగిని అడగాల్సిన ప్రశ్నలు రెండు మనసులో పెట్టుకుని లేవండి. "రాత్రి మూడుసార్లు నొప్పి మందు అడిగారని ఉంది, నిద్ర పట్టిందా?" అని మీరు గదిలోకి వెళ్తూనే అడిగితే, తన సంగతి మీకు ముందే తెలుసని ఆ మనిషికి అర్థమవుతుంది.

2. గదిలో మొదటి నిమిషం స్క్రీన్ ముట్టకండి

తలుపు తట్టండి, పేరు చెప్పుకోండి, ముఖంలోకి చూడండి. రంగు ఎలా ఉంది, ఊపిరి ఎలా తీస్తున్నారు, మాట తడబడుతోందా, పక్కన ఎవరైనా ఉన్నారా. ఇవి ఏ సెన్సరూ మీకు చెప్పదు.

తర్వాత ట్రాలీని గానీ ట్యాబ్‌ని గానీ మీరు, రోగి, తెర మూడు మూలల్లో ఉండేలా పెట్టుకోండి. రోగికి వీపు చూపిస్తూ టైప్ చేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. టైప్ చేయక తప్పనప్పుడు ఏం రాస్తున్నారో పైకి చెప్పండి: "మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వస్తోందన్నారు కదా, అదే రాస్తున్నానమ్మా." ఒకసారి ఒక పెద్దావిడ నాతో అంది, "నేను చెప్పేది నువ్వు వినట్లేదేమో అనుకున్నాను తల్లీ, ఎవరికో మెసేజ్ కొడుతున్నావేమో అని." నేను రాస్తున్నది ఆవిడ చెప్పిన మాటలే. కానీ ఆవిడకు అది తెలిసే దారి నేను చూపించలేదు. ఆ రోజు నుంచి పైకి చెప్పకుండా టైప్ చేయలేదు.

మనిషిని గుర్తుపట్టేటప్పుడు రెండు ఆనవాళ్లు చూడండి. పూర్తి పేరు, దానితో పాటు పుట్టిన తేదీ గానీ ఆసుపత్రి నంబరు గానీ. మంచం నంబరు ఆనవాలు కాదు, మంచాలు మారుతుంటాయి. ప్రశ్న కూడా "మీరు ఫలానా కదా?" అని వేయకండి. మగతలో ఉన్నవాళ్లు, వినికిడి తగ్గినవాళ్లు దేనికైనా తల ఊపేస్తారు. "మీ పేరు చెప్తారా?" అని అడిగి, చెప్పింది చేతి పట్టీతో, తెరతో సరిచూడండి.

3. కొలిచిన అంకెను నమ్మే ముందు చూడండి, చూశాక ఆలస్యం చేయకండి

చాలాచోట్ల మానిటర్ నుంచి బీపీ, పల్స్, ఆక్సిజన్ నేరుగా రికార్డులోకి వెళ్తాయి. వచ్చిన అంకెను నర్సు చూసి సరేనంటేనే అది ఖాయమవుతుంది. ఆ "సరే" నొక్కడం మీ సంతకంతో సమానం. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ ప్రోబ్ ఊడిపోయి ఆక్సిజన్ 78 చూపిస్తుంటే దాన్ని ఖాయం చేయకూడదు, సరిచేసి మళ్లీ చూడాలి. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా, వణుకు ఉన్నా ఆక్సిమీటర్ తప్పు చెప్పొచ్చు. చర్మం రంగు ప్రభావం కూడా ఉంది. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశీలనలో, ఆక్సిమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నప్పుడు రక్తంలో అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం ఉంటే, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం ఉన్నాయి. అంకె బాగున్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మి డాక్టర్‌కి చెప్పండి.

ఊపిరిని మాత్రం మీరే లెక్కపెట్టండి. పక్క నర్సు 18 రాసిందని మీరూ 18 రాయకండి. పరిస్థితి దిగజారే ముందు తొందరగా మారేవాటిలో ఇది ఒకటి, మనం అందరికంటే అశ్రద్ధ చేసేదీ ఇదే.

కొలతలు ఎక్కించగానే చాలా సిస్టమ్‌లు హెచ్చరిక స్కోరు లెక్కగడతాయి. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్-2 స్కోరు వాటిలో బాగా తెలిసినది. ఊపిరి, ఆక్సిజన్, పై బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్, వీటికి తోడు బయటి నుంచి ఆక్సిజన్ పెట్టారా లేదా అన్నది కలిపి లెక్క వేస్తుంది. మొత్తం 5 వస్తే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అత్యవసరం. ఏ ఒక్క కొలతలోనైనా 3 వస్తే అప్పుడూ కబురు పెట్టాలి. స్కోరు 2 ఉన్నా మీకు ఏదో తేడాగా అనిపిస్తే ఫోన్ చేయండి. స్కోరు ఉన్నది మీకు తోడుగా, మీ అనుమానాన్ని ఆపడానికి కాదు.

చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్న బీపీ మీకు తప్ప ఎవరికీ కనిపించదు. రెండు గంటల తర్వాత అన్నీ కలిపి ఎక్కిస్తే ఆ రెండు గంటలూ స్కోరు నిద్రపోతున్నట్టే. మంచం పక్కనే ఎక్కించండి.

డాక్టర్‌కి ఫోన్ చేసేటప్పుడు రికార్డు ఎదురుగా తెరిచి పెట్టుకుని నాలుగు ముక్కల్లో చెప్పండి: ఇప్పుడేం జరుగుతోంది, వెనకాల కథ ఏంటి, మీకేమనిపిస్తోంది, ఆయన ఏం చేయాలి. "ఊపిరి 26 ఉంది, గంట క్రితం 18. నిన్న పొట్ట ఆపరేషన్ అయింది. ఇన్ఫెక్షన్ మొదలవుతోందేమో అని భయంగా ఉంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." చివరి వాక్యం చాలామంది మింగేస్తారు. మింగకండి.

4. మందు ఇచ్చేటప్పుడు

ఎక్కువ ప్రాణాలు ఆధారపడేది ఈ మెట్టు మీదే కాబట్టి కాస్త ఆగి చదవండి.

బార్‌కోడ్ పద్ధతి వరస ఇది. ఒకసారికి ఒక రోగి మందులే తీసుకోండి. మంచం దగ్గరికి వెళ్లి చేతి పట్టీ స్కాన్ చేయండి. మందు ప్యాకెట్‌ని అక్కడే, చింపకముందే స్కాన్ చేయండి. తెర మీద వచ్చింది చదవండి: మనిషి, మందు, మోతాదు, ఇచ్చే దారి, సమయం. అప్పుడు ప్యాకెట్ చింపి, ఇది దేనికో రోగికి చెప్పి, ఇచ్చాక, మింగారని చూశాక "ఇచ్చాను" అని నొక్కండి. ముందుగా నొక్కితే, రోగి వాంతి చేసుకున్నా వద్దన్నా రికార్డు అబద్ధం చెప్తుంది.

ఈ స్కానింగ్ వల్ల మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారం ఉంది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో 14,041 సార్లు మందు ఇవ్వడాన్ని దగ్గరుండి గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. సమయం తేడాలను పక్కనపెట్టి చూస్తే, మందు ఇవ్వడంలో తప్పులు 11.5 శాతం నుంచి 6.8 శాతానికి తగ్గాయి. తగ్గాయి, పోలేదు.

పోకపోవడానికి కారణాల్లో మన అడ్డదారులూ ఉన్నాయి. చేతి పట్టీ నలిగిపోయి స్కాన్ కాదు. అప్పుడు ఇంకో పట్టీ ప్రింట్ తీసి ట్రాలీకో తలుపుకో అంటించుకుని దాన్నే స్కాన్ చేస్తారు. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఇలాంటి అడ్డదారులు 15 రకాలు, వాటి వెనక కారణాలు 31 గుర్తించారు. ఆ కారణాల జాబితాలో బ్యాటరీ అయిపోవడం, చెదిరిన బార్‌కోడ్, నెట్‌వర్క్ అందకపోవడం లాంటివి ఉన్నాయి. అంటే చాలాసార్లు తప్పు నర్సు బద్ధకంలో లేదు, సరిగా పనిచేయని ఏర్పాటులో ఉంది. అయినా ట్రాలీకి అంటించిన పట్టీ స్కాన్ చేస్తే మీరు గుర్తించేది ట్రాలీని, రోగిని కాదు. పట్టీ పాడైతే కొత్తది వేయించండి. స్కానర్ మొరాయిస్తే ఇంకో నర్సుని పిలిచి ఇద్దరూ చూసి ఇవ్వండి, ఎందుకు స్కాన్ చేయలేదో రాయండి.

ఇక స్కానర్ సరేనన్నా ఆగాల్సిన సందర్భం. 2013లో అమెరికాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో 16 ఏళ్ల అబ్బాయికి ఒక యాంటీబయాటిక్ మాత్ర ఒక్కటి ఇవ్వాలి. 160 మిల్లీగ్రాములు అనుకుని డాక్టర్ అంకె కొట్టారు. కానీ తెర మీద ఆ అంకె కొట్టిన పెట్టెలో కొలమానం "కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు" అని ఉంది. కంప్యూటర్ దాన్ని అబ్బాయి బరువుతో గుణించి 38న్నర మాత్రలు లెక్కగట్టింది. ఎక్కువ మోతాదు అని హెచ్చరిక వచ్చినా డాక్టర్, ఫార్మసిస్ట్ దాటేశారు. రోజూ అలాంటి హెచ్చరికలు లెక్కలేనన్ని చూసేవాళ్లకు అదీ వాటిలో ఒకటిగానే కనిపించింది. చివరికి మందు నర్సు చేతికి వచ్చింది. ఇన్ని మాత్రలేంటి అని ఆమెకు అనిపించింది కూడా. స్కాన్ చేస్తే సరిగ్గా ఆర్డర్ ప్రకారమే ఉందని స్కానర్ చెప్పింది. ఆమె ఇచ్చేసింది. అబ్బాయికి ఫిట్స్ వచ్చాయి, అదృష్టవశాత్తు బతికాడు.

స్కానర్ అక్కడ తప్పు చెప్పలేదు. ఆర్డర్‌లో ఏముందో అదే చేతిలో ఉందని మాత్రమే అది చెప్పగలదు. ఆర్డరే తప్పయితే తప్పుని అంతే ఖచ్చితంగా నిర్ధారిస్తుంది. కాబట్టి ఒక డోస్ కోసం నాలుగైదు మాత్రలు, రెండు మూడు వయల్స్ పట్టుకోవాల్సి వస్తే చెయ్యి ఆపండి. ఫార్మసీకి ఫోన్ చేయండి. "నా పాతికేళ్ల డ్యూటీలో ఇంత డోస్ చూడలేదు" అని రోగి ముందు కాకుండా బయటికొచ్చి అడగండి. రోగి గానీ వాళ్ల మనిషి గానీ "రోజూ ఇచ్చే మాత్ర ఇది కాదు సిస్టర్" అంటే అదీ హెచ్చరికే, తెర మీద వచ్చే దేనికంటే పెద్దది. ఆ మాట విన్నాక మందు ఇవ్వడం ఆపి సరిచూసుకోండి.

5. అలారాలతో ఏం చేయాలి

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఇచ్చిన హెచ్చరికలో ఒక అంచనా ఉంది: మోగే అలారాల్లో 85 నుంచి 99 శాతం వాటికి ఏమీ చేయనవసరం ఉండదు. చెవి అలవాటు పడిపోతుంది, నిజమైనది మోగినా లెక్క చేయం. అదే హెచ్చరికలో మూడున్నరేళ్ల కాలంలో అలారాలతో ముడిపడ్డ 98 ఘటనలు, వాటిలో 80 మరణాలు నమోదయ్యాయి.

డ్యూటీ మొదట్లోనే ప్రతి మానిటర్ పరిమితులు చూడండి. ఎప్పుడూ పల్స్ 52 ఉండే మనిషికి కింది పరిమితి 60 పెడితే అది రాత్రంతా మోగుతుంది. డాక్టర్‌ని అడిగి, మీ వార్డు నియమం ప్రకారం ఆ మనిషికి తగ్గట్టు మార్చండి. ఈసీజీ అంటింపులు రోజూ మార్చి, కింద చర్మం తుడిచి పెట్టండి, సగం గోల తగ్గుతుంది. పూర్తిగా నిశ్శబ్దం మాత్రం చేయకండి. రోగికి కూడా చెప్పండి, "ఈ శబ్దం వస్తే సెలైన్ అయిపోయిందని అర్థం, కంగారు పడకండి" అని. అర్థం తెలియని మోత మంచం మీదున్నవాళ్లకు ఎంత టెన్షనో మనం మర్చిపోతాం.

6. నోట్స్ రాసేటప్పుడు, రోగి చదువుతారని అనుకుని రాయండి

నిజంగానే చదువుతారు. 2010లో అమెరికాలో మూడు చోట్ల 105 మంది డాక్టర్లు తమ నోట్స్‌ని రోగులకు ఆన్‌లైన్‌లో చూపించడం మొదలుపెట్టారు. ఓపెన్‌నోట్స్ అనే ఆ ప్రయత్నం తర్వాత బాగా పాకింది. 2020లో వచ్చిన ఒక సర్వేలో, నోట్స్ చదివిన 22,889 మందిలో ఐదుగురిలో ఒకరు తమకు తప్పు కనిపించిందన్నారు. వాళ్లలో 40 శాతం మంది అది తీవ్రమైన తప్పే అన్నారు. తన ఒంటి సంగతి తనకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది! ఆ తప్పులు పట్టే అవకాశం మంచం దగ్గరే ఇవ్వండి. వాడుతున్న మందుల జాబితా, అలర్జీలు తెర మీద తెరిచి, తెర వాళ్లవైపు తిప్పి, "ఇందులో ఏదైనా తేడా ఉందా?" అని అడగండి. ఎప్పుడో మానేసిన మందు ఇంకా జాబితాలో ఉండటం చాలా మామూలు.

"పేషెంట్ సహకరించడం లేదు" అని రాయకండి. అది తర్వాతి షిఫ్ట్ నర్సు మనసుని ముందే విరిచేస్తుంది. "ఇంజెక్షన్ వద్దన్నారు. పోయినసారి చెయ్యి వాచిందని చెప్పారు. ఇంకో చేతికి ఇవ్వమన్నారు" అని రాయండి. మొదటి వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు, రెండోదానితో పని జరుగుతుంది. వీలైనచోట వాళ్ల మాటే రాయండి. "గుండెల్లో బండరాయి పెట్టినట్టుంది" అన్న మాటను "ఛాతీ నొప్పి" అని టిక్కు పెట్టి వదిలేస్తే సగం పోతుంది.

నిన్నటి నోట్ కాపీ చేసి పేస్ట్ చేయడం సమయం మిగులుస్తుంది, నిజమే. తీసేసిన మూత్రపు గొట్టం నాలుగు రోజులు రికార్డులో బతికే ఉండేదీ దానివల్లే. కాపీ చేయక తప్పకపోతే ప్రతి వాక్యం చదివి, ఈ రోజు నిజం కానిది తీసేయండి. సమయం సరిపోనప్పుడు వర్ణన తగ్గించండి. మీరు ఏం గమనించారు, ఏం చేశారు, చేశాక రోగికి ఎలా ఉంది అన్నవి మాత్రం వదలకండి. నొప్పి మందు ఇచ్చినట్టు ఉండి, గంట తర్వాత నొప్పి తగ్గిందో లేదో లేకపోతే ఆ నోట్ సగమే.

ఇంకో మాట. రోగి ఫొటో, రిపోర్టు ఫొటో మీ సొంత ఫోన్లో తీసి వార్డు గ్రూపులో పెట్టకండి. ఆసుపత్రి ఇచ్చిన యాప్ ఉంటే అందులోనే పంపండి.

7. సిస్టమ్ ఆగిపోతే

మే 2017లో వాన్నక్రై అనే కంప్యూటర్ వైరస్ దెబ్బకు ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు నడిపే ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టులు దాదాపు మూడో వంతు ఇబ్బంది పడ్డాయి. అంత పెద్దది కాకపోయినా ఒక గంట కరెంటో సర్వరో పోవడం ఎక్కడైనా ఉంటుంది. కాగితం ఫారాలు ఎక్కడున్నాయో, చివరిసారి దాచిన మందుల చార్ట్ ఏ కంప్యూటర్‌లో ఉందో ఈ రోజే చూసి పెట్టుకోండి. ఆగగానే మీ రోగుల్లో ఎవరికి ఏ మందు చివరగా ఎప్పుడిచ్చారో గుర్తున్నప్పుడే కాగితం మీద రాయండి. సిస్టమ్ వచ్చాక అసలు ఇచ్చిన సమయంతో ఎక్కించండి, ఎక్కించిన సమయంతో కాదు. లేకపోతే తర్వాతి డోస్ లెక్క తప్పుతుంది.

8. ఇంటికి పంపేటప్పుడు

డిశ్చార్జ్ కాగితం ప్రింట్ తీసి ఇచ్చి "యాప్‌లో అన్నీ ఉన్నాయి" అంటే సరిపోదు. ముందు అడగండి: ఫోన్ ఉందా, అది ఎవరి దగ్గర ఉంటుంది, అక్షరాలు కనిపిస్తాయా, ఏ భాషలో చదువుతారు. యాప్ వాడలేనివాళ్లకు పెద్ద అక్షరాల కాగితం ఇవ్వండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంట్లోవాళ్ల ఫోన్లో రికార్డు తెరిపించే ముందు రోగిని ఒంటరిగా అడగండి. తమ జబ్బు గురించి పిల్లలకో భర్తకో అన్నీ తెలియడం అందరికీ ఇష్టం ఉండదు.

చెప్పింది అర్థమైందా అని అడిగితే అందరూ అయిందనే అంటారు. బదులుగా ఇలా అడగండి: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను. ఇంటికెళ్లాక ఈ మాత్ర ఎలా వేసుకుంటారో నాకు చెప్తారా?" ఇంట్లో బీపీ, షుగర్ చూసి పంపమని చెప్తే మిషన్ వాళ్ల చేతికే ఇచ్చి మీ ముందు ఒకసారి చేయించండి. ఆ అంకెలు ఎవరు చూస్తారో, ఎప్పుడు చూస్తారో కూడా స్పష్టంగా చెప్పాలి. రాత్రి పూట ఎవరూ చూడకపోతే ఆ మాట దాచకండి. ఎంత దాటితే యాప్‌ని పక్కనపెట్టి నేరుగా ఎమర్జెన్సీకి రావాలో కాగితం మీద పైనే రాసి ఇవ్వండి.

9. పనిచేయనిది కనిపిస్తే రాసి ఇవ్వండి

మందులకు బార్‌కోడ్ స్కాన్ చేసే ఆలోచన ఒక నర్సుది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన స్యూ కిన్నిక్ 1990ల మొదట్లో, అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడి ఉద్యోగి చేతి స్కానర్‌తో పని చకచకా ముగించడం చూశారు. కారుకి చేయగలిగింది రోగి మందుకి ఎందుకు చేయలేం అని ఆసుపత్రిలో అడిగారు. తర్వాత కొన్నేళ్లకు అది ఆ ఆసుపత్రులన్నింటికీ పాకింది.

మీ వార్డులో కూడా తెర మీద ఒకేలా కనిపించే రెండు పేర్లు ఉండొచ్చు, అలర్జీ ఎక్కించే పెట్టె మూడో పేజీలో దాక్కుని ఉండొచ్చు. "సిస్టమ్ బాలేదు" అని చెప్తే ఐటీ వాళ్లు ఏమీ చేయలేరు. ఏ తెర, ఎన్ని గంటలకు, మీరేం నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది, దానివల్ల రోగికి ఏం కావచ్చు, ఈ ఆరు ముక్కలు రాయండి. తెర ఫొటో జతచేస్తే పేరు, నంబరు కనిపించకుండా చూడండి. కాపీ ఒకటి ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి ఇవ్వండి. రెండు వారాలకు మళ్లీ వెళ్లి ఏమైందని అడగండి.